అడుసు తొక్కాలి, కడగాలి

ఉపకులపతిగారికీ, ఆచార్యులకూ, గౌన్లలో ఉడికిపోతున్న పట్టభద్రులకూ, వెనక వరసల్లో ఫోన్లు పైకెత్తిన తల్లిదండ్రులకూ నమస్కారం. శాలువాలు అయిపోయాయి కాబట్టి నేరుగా బురదలోకి దిగుతాను.

నా ఉద్యోగమంతా బురదతోనే. సముద్రం అడుగున గొట్టం దించి తీసిన బురదని జల్లెడలో కడిగితే ఇసుక రేణువుల్లాంటి గుల్లలు మిగులుతాయి. అవి ఫోరామినిఫెరా అనే ఏకకణ జీవుల సున్నపు ఇళ్లు. కట్టుకునేటప్పుడు కాల్షియంతో పాటు చిటికెడు మెగ్నీషియం కలుస్తుంది. నీరు ఒక డిగ్రీ వేడెక్కితే దాని పాలు సుమారు 9 శాతం పెరుగుతుంది. అందుకే వేల ఏళ్ల కిందటి సముద్రం ఎంత వెచ్చనో గుల్లనే అడుగుతాం.

నేనూ అడిగాను, పరిశోధనలో రెండో ఏడు. గోదావరి ముఖద్వారానికి ఎదురుగా తీసిన బురద. లెక్కేస్తే ఒక పొర దగ్గర బంగాళాఖాతం ఉన్నట్టుండి నాలుగు డిగ్రీలు వేడెక్కింది! రాత్రంతా నిద్రలేదు, అవార్డు అందుకోడానికి ఏ చీర కట్టుకోవాలో కూడా ఆలోచించాను. పొద్దున్నే మా గురువుగారు గ్రాఫ్ చూసి ఒక్కటే అడిగారు: "ఎన్నిసార్లు కడిగావమ్మా?"

రెండుసార్లే. గుల్ల గదుల్లో బంకమన్ను ఇరుక్కుంది. మెగ్నీషియం అందులో దండిగా ఉంటుంది. వేడెక్కింది సముద్రం కాదు, నేను. చిన్నప్పుడు ఈత నేర్పిన గోదావరే నన్ను ముంచింది. గుల్లలు చిదిపి నీళ్లతో, మిథనాల్‌తో, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో మళ్లీ మళ్లీ కడిగితే ఆ నాలుగు డిగ్రీలూ సింకులోకి పోయాయి.

నా బెంగల్లా ఒకటే: మీకు కడిగే ఓపిక లేదు. మీట నొక్కగానే అంకె, అంకె రాగానే గ్రాఫ్, గ్రాఫ్ రాగానే వాట్సాప్ స్టేటస్! మైక్రోస్కోప్‌లో గుల్ల మొహం చూసినవాళ్లు ఎందరర్రా? నవ్వకు నాయనా, మూడో వరసలో నిన్నే.

కడిగినంత మాత్రాన చాలదు కూడా. 1955లో చెజారే ఎమిలియానీ గుల్లల ఆక్సిజన్ ఐసోటోపుల్లోని హెచ్చుతగ్గులను ముఖ్యంగా ఉష్ణోగ్రతగా చదివాడు. 1967లో నికోలస్ షాకల్‌టన్ అందులో ఎక్కువ భాగం ఖండాల మీది మంచు పెరిగి తరిగిన గుర్తని చూపాడు. కొలత చెడలేదు, చదువు మారింది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు పెద్దలు. మన పనిలో తొక్కకా తప్పదు, కడగకా తప్పదు. మీలో కొందరు ఓడెక్కుతారు, ఎక్కువమంది బ్యాంకులో కూర్చుంటారు. ఎక్కడున్నా, మీకు మరీ నచ్చిన ఫలితాన్నే ముందు అనుమానించండి.

భోజనాలు సిద్ధమట. చేతులు కడుక్కుని వెళ్లండి. రెండుసార్లు చాలదని ఇప్పుడే చెప్పాను.