పీఎఫ్ తీసే ముందు ఒక్క మాట



ప్రతి ఏడు ఈ సభలో పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని లెక్కలు చెప్పుకుంటాము. ఈసారి మా సంఘం తరఫున ఇంకో పొదుపు గురించి చెప్పాలనుకున్నాము. అది సంఘంలో కట్టేది కాదు, జీతం చేతికి రాకముందే కట్ అయ్యేది. అదే పీఎఫ్.

మనలో చాలామంది బయట పనికి పోతున్నాము. నారాయణగూడ ఆస్పత్రుల్లో ఆయాలుగా, అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో, హాస్టళ్లలో, చిక్కడపల్లి షాపుల్లో, ఆఫీసుల హౌస్‌కీపింగ్‌లో చేస్తున్నాము. మీటింగులో "నీకు పీఎఫ్ ఉందా?" అని అడిగితే, "ఏదో కట్ అయితది, మాకేం తెల్వదు" అనే జవాబే ఎక్కువ వచ్చింది.

ముందుగా మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మా సంఘంలో ఒక అక్క ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఏడేండ్లు ఆయాగా చేసింది. ఆ పని మానేసినప్పుడు బిడ్డ పెండ్లి దగ్గర పడింది, సంఘం కిస్తీలు మూడు బాకీ ఉన్నాయి. "పీఎఫ్ మొత్తం తీసెయ్యి అక్కా, బాకీ తీరుతది" అని చెప్పింది మేమే. రెండు ఫారాలు నింపించారు. ఒకటి పీఎఫ్‌ది, ఇంకొకటి పింఛనుది. రెండోది ఏమిటో ఆమెకు తెలియదు, మాకూ తెలియదు. తర్వాత ఇంకో చోట ఆరేండ్లు చేసింది. 58 ఏండ్లు నిండినంక పింఛను కోసం పోతే, "మీ సర్వీసు ఆరేండ్లే ఉందమ్మా, పదేండ్లు లేదు, పింఛను రాదు" అన్నారు. ఏడు, ఆరు కలిస్తే పదమూడేండ్లు అయ్యేది. ఆ అక్క మమ్మల్ని ఒక్క మాట అనలేదు. "మీకు మాత్రం ఏం తెలుసు" అన్నది. ఆ మాట మాకు గుచ్చుకున్నది. అందుకే అడిగి, తెలుసుకుని ఈ రోజు మీ ముందు నిలబడ్డాము.

పీఎఫ్ చట్టం 1952లో వచ్చింది. 20 మంది, అంతకన్నా ఎక్కువ మంది పనిచేసే చోట పీఎఫ్ ఉండాలి. మన బేసిక్ జీతం, డీఏ మీద నూటికి 12 రూపాయలు మన దగ్గర కట్ చేస్తారు. యజమాని కూడా అంతే వేయాలి. అయితే యజమాని వేసే 12లో 8.33 పింఛను ఖాతాకు పోతుంది, మిగిలిన 3.67 మన పీఎఫ్‌లో చేరుతుంది. బేసిక్ 10,000 అనుకోండి. మనది 1,200, యజమానిది 1,200. యజమాని ఇచ్చిన దాంట్లో 833 పింఛనుకు, 367 పీఎఫ్‌కు. అంటే ఒక్క పేరు మీద రెండు సంచులు ఉన్నట్టు. ఒకటి పీఎఫ్ సంచి, ఒకటి పింఛను సంచి.

ఈ పింఛను పథకం 1995 నవంబరు 16 నుంచి ఉంది. పదేండ్ల సర్వీసు ఉంటే 58 ఏండ్లకు నెలనెలా పింఛను వస్తుంది. తొమ్మిదిన్నర ఏండ్లు ఉన్నా పది కింద లెక్క కడతారు. లెక్క ఇట్లా: చివరి ఐదేండ్ల సగటు జీతాన్ని సర్వీసు ఏండ్లతో గుణించి 70తో భాగించాలి. ఈ లెక్కకు జీతం 15,000 దాకానే చూస్తారు. మన అక్క సగటు 10,500. పదమూడేండ్లతో గుణించి 70తో భాగిస్తే 1,950 రూపాయలు. బతికినన్నాళ్లు నెలకు రావాల్సిన డబ్బు అది. మేము చెప్పిన సలహా వల్ల పోయింది.

మరి అవసరం వస్తే ఏం చేయాలి? పనిలో ఉండగా జబ్బుకో, పెండ్లికో పీఎఫ్ సంచి నుంచి అడ్వాన్సు తీసుకోవచ్చు. దాని వల్ల పింఛను సర్వీసు తగ్గదు. పని మారితే పాత ఖాతాను కొత్త దానికి ట్రాన్స్‌ఫర్ పెట్టుకోవాలి. యూఏఎన్ అనే పన్నెండు అంకెల నంబరు ఎన్ని చోట్ల చేసినా ఒక్కటే ఉండాలి. కొత్త చోట చేరేటప్పుడు ఆ నంబరే ఇవ్వాలి.

మన ఆడవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. పీఎఫ్‌లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. అక్షరం తేడా ఉన్నా క్లెయిము ఆగిపోతుంది. ఇప్పుడే సరిచేయించుకోండి. నామినీ కూడా చూసుకోండి. పెండ్లికి ముందు రాసిన నామినేషన్ పెండ్లి తర్వాత చెల్లదు, మళ్లీ రాయాలి. ఇంకొకటి, పనిలో ఉన్న మనిషి చనిపోతే భార్యకో, భర్తకో పింఛను వస్తుంది. దానికి పదేండ్లు అక్కర్లేదు. ఇంటాయన పోయిన చెల్లెండ్లు ఉంటే ఆయన పీఎఫ్ కాగితాలు తీసి చూడండి.

"స్లిప్పులో కట్ అయితుంది, మరి కడుతున్నరా?" అని ఒక చెల్లె అడిగింది. రిజిస్టర్ అయిన ఫోను నుంచి 9966044425కు మిస్డ్ కాల్ ఇస్తే వివరం మెసేజ్‌లో వస్తుంది. ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ చూడొచ్చు. కాంట్రాక్టరు కట్టకపోతే, పని చేయించుకునే అసలు యజమానిదే బాధ్యత. పీఎఫ్ ఆఫీసు మన నారాయణగూడ పక్కనే బర్కత్‌పురలో ఉంది. భయపడకుండా పోండి.

చిన్న హాస్టల్లో, ఇండ్లల్లో పనిచేసేవాళ్లకు పీఎఫ్ ఉండదు. 18 నుంచి 40 ఏండ్ల లోపు, ఇన్‌కమ్ ట్యాక్స్ కట్టని వాళ్లు బ్యాంకులో అటల్ పెన్షన్ యోజనలో చేరవచ్చు. 30 ఏండ్లప్పుడు చేరి నెలకు 116 కడితే, 60 తర్వాత నెలకు 1,000 వస్తుంది. 577 కడితే 5,000 వస్తుంది. మన తర్వాత అదే పింఛను భర్తకు వస్తుంది.

చివరిగా సమాఖ్యను ఒకటి కోరుతున్నాము. కిస్తీ కోసం ఏ సభ్యురాలినీ పీఎఫ్ తీయమని ఒత్తిడి పెట్టొద్దు. పని పోయిన సభ్యురాలు వస్తే ముందు సంఘం నుంచే చిన్న అప్పు ఇద్దాం, కిస్తీకి గడువు ఇద్దాం. మా సంఘంలో ఈ తీర్మానం రాసుకున్నాము. దాని మీద మొదటి సంతకం ఆ అక్కదే.