పరుగుకు తగిన బూటు



కోరాపుట్, రాయగడ జిల్లాల్లో పోలీసు, సైన్యం ఉద్యోగాల కోసం పరుగు సాధన చేసే యువతీ యువకులు ఎందరో ఉన్నారు. వారిలో కొందరు వెనుకబడేది దమ్ము చాలక కాదు, బూటు సరిపడక. బొబ్బలు, మడమ నొప్పి, ముంగాలి ఎముక నొప్పి వచ్చి సాధన ఆగిపోతుంది.

బూట్లు సాయంత్రం కొనండి. పగలంతా తిరిగిన పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. రెండు పాదాలూ కొలిపించి, పెద్దదానికి సరిపోయే సైజు తీసుకోండి. మేజోళ్ళు తొడిగి, నిలబడి చూడండి. వేళ్ళ ముందు చేతి బొటనవేలంత ఖాళీ ఉండాలి. దేవమాలి వంటి కొండల వాలు దిగేటప్పుడు పాదం ముందుకు జారుతుంది కదా! ఖాళీ లేకపోతే గోళ్ళు నల్లబడతాయి. బూటును వంచితే వేళ్ళ మొదట్లో వంగాలి, నడిమధ్య మడత పడకూడదు. మడమ దగ్గర గట్టిగా పట్టి ఉంచాలి.

అరికాలి వంపును బట్టి బూటు ఎంచుకోవాలని కొందరంటారు. అమెరికా సైనికులపై జరిపి 2009లో ప్రచురించిన పరిశోధనలో ఆ పద్ధతి వల్ల గాయాలు తగ్గలేదు. ధర కన్నా, వంపు కన్నా, నాలుగడుగులు పరుగెత్తితే పాదానికి హాయిగా ఉండటమే ముఖ్యం. అయితే ఎంపిక రోజున కొత్త బూటు తొడగకండి. ముందే అలవాటు చేసుకోండి.

మధుమేహంతో పాదాల్లో స్పర్శ తగ్గినవారు మాత్రం ఆ హాయిని నమ్మకూడదు. బూటు కరిచినా వారికి తెలియదు. తొడిగే ముందు లోపల చేయి పెట్టి తడమండి, రోజూ పాదాలు చూసుకోండి, డాక్టరు సలహాతోనే బూట్లు కొనండి.