తుంగను పీకితే పోదు

 

హాస్టల్ వార్డెన్ మైకు పట్టుకుంటే మార్కుల గురించే మాట్లాడుతుందని మీ భయం. ఈరోజు నేను తుంగ గురించి మాట్లాడతాను.

ఒక వానాకాలం మా హాస్టల్ పెరట్లో కూరగాయలు వేద్దామని పిల్లలతో కలిసి తుంగనంతా తవ్వి, మట్టి కలియబెట్టాను. కొద్ది రోజులకే మునుపటికన్నా ఒత్తుగా మొలిచింది. తప్పు నాదే. తుంగగడ్డలు నేలలో గొలుసులా అల్లుకుని ఉంటాయి. గొలుసు కదలకుండా ఉన్నంతకాలం చాలా గడ్డలు నిద్రలో ఉంటాయి. తడి నేలలో దాన్ని తుంచితే విడిపోయిన గడ్డలన్నీ లేస్తాయి. ప్రపంచంలోని కలుపు మొక్కల మీద 1977లో వచ్చిన ప్రసిద్ధ గ్రంథం దీనికే మొదటి స్థానం ఇచ్చింది.

ముందు గుర్తుపట్టడం నేర్చుకోండి. కాడను వేళ్ల మధ్య తిప్పండి. గడ్డి కాడకు కణుపులుంటాయి. తుంగ కాడ కణుపులు లేకుండా మూడు పలకలుగా తగులుతుంది.

తుంగల్లో రకాలున్నాయి. మెట్ట చేలో, గట్ల మీద పెరిగేది ఈ గడ్డల తుంగ. వరి మడిలో వచ్చే తుంగల్లో చాలావరకు విత్తనంతో మొలుస్తాయి. వాటిని పూత రాకముందే తీసేయాలి. మడిని బాగా దమ్ము చేసి, చదును చేసి, పలచగా నీరు నిలిపితే కొత్తవి తక్కువగా మొలుస్తాయి.

గడ్డల తుంగకు మందు ఎండే. వేసవిలో లోతుగా దున్ని, పైకి వచ్చిన గడ్డలను ఏరేయాలి. మిగిలినవి ఎండకు వడిలిపోతాయి. వాన పడగానే జనుమో అలసందో ఒత్తుగా చల్లాలి. తుంగ నీడకు తట్టుకోలేదు. మా పెరట్లో రెండేళ్లు ఇలా చేశాం. పూర్తిగా పోలేదు గానీ, ఇప్పుడు వంకాయలు కాస్తున్నాయి.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. అప్పు చేసి పారాక్వాట్ గడ్డిమందు తేకండి. అది ఆకును మాడుస్తుంది, గడ్డ దాకా దిగదు. మనిషి కడుపులోకి పోతే మాత్రం విరుగుడు లేదు. ఇంట్లో ఇప్పటికే ఉంటే కూల్‌డ్రింక్ సీసాలో పోసి పెట్టకండి. పిల్లలు తిరిగే ఇల్లది.

ఈ గడ్డలనే ఆయుర్వేదంలో తుంగముస్తలంటారు, జ్వరానికీ అజీర్ణానికీ వాడతారు. మన భాషలో దీని పేరేమిటో, దేనికి వాడేవారో ఇంటికెళ్లి మీ అవ్వను అడగండి. విన్నది రాసిపెట్టుకోండి.

సెలవు.