ఫండ్లు అమ్మకుండానే అప్పు

కంచరపాలెంలో ఉండే ఒక రైల్వే ఉద్యోగికి ఈక్విటీ మ్యూచువల్ ఫండ్లలో 4 లక్షలు ఉన్నాయనుకుందాం. కూతురి కాలేజీ ఫీజుకు అర్జెంటుగా లక్ష కావాలి. ఫండ్లు అమ్మనక్కర్లేదు, బంగారం కుదువపెట్టినట్టే యూనిట్లనూ తాకట్టు పెట్టొచ్చు.

బ్యాంకు తరఫున, ఫండ్ల లెక్కలు చూసే క్యామ్స్ గానీ, హైదరాబాద్‌లోని కేఫిన్‌టెక్ గానీ ఆ యూనిట్ల మీద 'లీన్', అంటే తాకట్టు హక్కు, నమోదు చేస్తుంది. యూనిట్లు మీ పేరనే ఉంటాయి, లాభనష్టాలూ మీవే. బాకీ తీరేదాకా అమ్ముకునే వీలు మాత్రం ఉండదు. ఈక్విటీ ఫండ్ల మీద సాధారణంగా విలువలో సగం దాకా ఇస్తారు. అంటే ఈ ఉద్యోగికి 2 లక్షల దాకా. డెట్ ఫండ్లయితే ఇంకా ఎక్కువే. ఓవర్‌డ్రాఫ్ట్ పద్ధతిలో అయితే వాడుకున్న సొమ్ముకే, వాడుకున్న రోజులకే వడ్డీ. పన్ను ఆదా చేసే ఈఎల్‌ఎస్‌ఎస్ యూనిట్లకు 3 ఏళ్ల గడువు తీరకముందు తాకట్టు పెట్టే అవకాశం లేదు.

అసలు ప్రమాదం మార్కెట్ పడినప్పుడే. యూనిట్ల విలువ తగ్గితే అప్పు పరిమితీ తగ్గుతుంది. అప్పుడు కొంత బాకీ కట్టమంటారు, లేదా ఇంకొన్ని యూనిట్లు పెట్టమంటారు. రెండూ కుదరకపోతే ఉన్నవి అమ్మేస్తారు. అందుకే ఇచ్చారు కదా అని పరిమితి మొత్తం వాడేయకండి. వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు ముందే అడిగి తెలుసుకోండి. కొద్ది నెలల్లో తీర్చగలమన్న నమ్మకం ఉంటేనే సంతకం పెట్టండి.