నేర్పబోయి నేర్చుకొన్న బాలుడు



నేను ముప్పదినాలుగు సంవత్సరములు తెలుగు పండితుడుగా బడులలో పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడను. నావంటివాడు రేడియోలో మాటలాడబూనినప్పుడు తాను పిల్లలకు నేర్పినదానినిగూర్చి చెప్పుట వాడుక. నేనీనాడు నేను నేర్వక విడిచిన యొక పాఠమునుగూర్చి విన్నవింపదలచితిని. ఆ పాఠము నేను చదివిన గ్రంథములలో లేకపోలేదు. నా కన్నే తెరచుకొనలేదు. రమారమి నూటడెబ్బది సంవత్సరములకు పూర్వము పసిఫిక్ మహాసముద్రమధ్యమున నొక దీవిలో దిక్కులేక పడియున్న పదునైదేండ్ల బాలుని చరిత్రమున అది నాకు దొరకినది.

ముందుగా ఆ చరిత్రము నా చెవిని పడిన విధము చెప్పెదను. కడచిన వర్షకాలమున నేను రాజమహేంద్రవరములో మా కుమారుని యింట నుంటిని. ఒక సాయంకాలము జోరున వాన కురియుచుండగా ఇద్దరు యువకులు మా వసారాలోనికి వచ్చి నిలిచిరి. తెల్లని చొక్కాలు, రొమ్ముమీద పేరు చెక్కిన నల్లని బిళ్ళలు. "తడిసిపోయినారు, లోనికి రండి నాయనా" యని మా యింటిది పిలిచి తేనీరిచ్చెను. వారు మార్మనులని వాడుకగా పిలువబడు క్రైస్తవశాఖకు చెందిన ప్రచారకులని తెలిసి నేను కొంచెము బిగుసుకొని కూర్చుంటిని. ఆ శాఖను 1830లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జోసెఫ్ స్మిత్ అనునతడు స్థాపించెను. వారు బైబిలుతోపాటు మార్మన్ గ్రంథమును గూడ వేదముగా నెంతురు. తక్కిన క్రైస్తవులు దాని నంగీకరింపరు. 1853లోనే వారి ప్రచారకులు మదరాసు పట్టణమునకు వచ్చియుండిరి. 2012లో భారతదేశమునం దెల్ల మొదటిసారిగా హైదరాబాదున వారి సంఘమండల మొకటి యేర్పడెను. పదునెనిమిదేండ్లు నిండిన యువకులు రెండేండ్లపాటు చదువును ఉద్యోగమును ప్రక్కకుంచి, జీతము లేకుండ, పంపిన చోటికి పోయి, ఎల్లప్పుడును ఇద్దరిద్దరుగా మెలగుచు బోధచేయుదురు.

వారు నాకు మతమేమియు చెప్పలేదు. నేనే కొంచె మెత్తిపొడుపుగా, "ఇంతవరకు ఎందరిని మార్చితిరి?" అని యడిగితిని. వారిలో తెలుగువాడైన కుర్రవాడు చిరునవ్వు నవ్వి, "అయ్యగారూ, మారినవాడను మొదట నేనే. మా యమ్మ కంచము ముందు పెట్టినగాని తిననివాడను. ఇప్పుడు వండి పెట్టుచున్నాను. కోపము వచ్చినప్పుడు తలుపు విసరి పోవువాడను; ఇప్పుడు వీనిని విడిచి పోవుటకు వీలులేదు గదా!" అని ప్రక్కవాని భుజము తట్టెను. నా బిగువు సడలినది. మాటలమీద మాటగా అతడు తమ పెద్దలలో నొకని బాల్యచరిత్రము చెప్పెను. పిమ్మట నేనును దానిని గ్రంథములలో వెదకి చదివితిని.

ఆ బాలుని పేరు కూడ జోసెఫ్, జోసెఫ్ ఎఫ్. స్మిత్. శాఖ స్థాపించినవాని అన్న కుమారుడు. 1838లో పుట్టెను. ఐదేండ్లవాడై యుండగా, 1844లో, కార్తేజి యను నూరి చెరసాలలో తండ్రిని, పినతండ్రిని మూకలు కాల్చిచంపినవి. 1848లో తల్లి పిల్లలను వెంటబెట్టుకొని ఎడారులు దాటి సాల్ట్ లేక్ లోయకు పోవునప్పుడు తొమ్మిదేండ్ల యీ బాలుడు వేయి మైళ్ళు ఎడ్లబండి తోలెను. అక్కడ పసులు కాచెను. 1852లో తల్లియు పోయెను. అప్పటినుండి వానికి కోపమే తల్లియు తండ్రియు నయ్యెను.

ఇక నా గుండెకు తగిలిన ఘట్టము వినుడు. ఒకనాడు బడిలో ఉపాధ్యాయుడు వాని చెల్లెలిని శిక్షింపబోయి, తోలుపటకా తీసి, చేయి చాపుమనెను. అన్న లేచి దానితో కొట్టవద్దని కేక వేసెను. ఉపాధ్యాయుడు వానిమీదికి వచ్చెను. బాలుడు ఆ ఉపాధ్యాయునే చావబాదెను. వాని చదువు అంతటితో సరి. 1854 ఏప్రిలులో జరిగిన సంఘసభలో, హవాయి దీవులకు పంపబడు ప్రచారకుల పేర్లలో వీని పేరును చదువబడెను.

ఇది వినుచుండగా నాచేతిలో తేనీటి పాత్ర చల్లారిపోయినది. ఏలయో తరువాత చెప్పెదను.

ఆ బాలుడు కాలిఫోర్నియాలో కూలిపని చేసి, పడవ ఖర్చు సంపాదించుకొని, 1854 సెప్టెంబరు 27వ తేదీని హొనొలూలూ రేవున దిగెను. అప్పుడు హవాయి స్వతంత్రరాజ్యము. అతనిని మావుయి యను దీవికి పంపిరి. పదునారేండ్లయినను నిండలేదు, భాష రాదు, చేత కాసు లేదు. వచ్చిన కొలది కాలమునకే కఠినమైన జ్వరము తగిలినది. లోకమునకు బోధచేయ వచ్చినవాడు మంచినీళ్ళడుగుటకు మాట రాక చాపమీద పడియుండెను.

అప్పు డాతనిని మహూహీ యను హవాయి స్త్రీ తన యింట చేర్చుకొని, కన్నబిడ్డవలె నుపచరించి బ్రతికించెను. ఆ దేశపు ఆహారము మన చేమదుంపయే. దానిని ఉడికించి, రాతితో దంచి, నీరు కలిపి ముద్దచేసి వ్రేళ్ళతో తినుదురు, 'పొయి' యందురు. వారి భాషయును మనకు చుట్టమువలె తోచును. అందు ప్రతి పదమును అచ్చుతోనే ముగియును. సంయుక్తాక్షరము అసలే లేదు. కావున జోసెఫ్ అను హలంతనామము వారి నోట 'యోసేపా' యయ్యెను. దీవి చేరిన నూరు దినములలో నాతడు ఆ భాషలో ప్రసంగింపగలవా డయ్యెను. అది దైవప్రసాదమని యాతని నమ్మకము. నే నా నమ్మకమును కాదనను. కాని భాష నేర్పినవాడనుగా ఒక్కమాట చెప్పగలను. మనకు అన్నము పెట్టినవారి భాష మనకు త్వరగా వచ్చును.

అంతమాత్రమున వాని హృదయము ఒక్కనాట మారలేదు. ఆ యిండ్లను, ఆ తిండిని ఈసడించిన దినము లున్నవి. ముదిమిలో ఆ దినములను స్మరించుకొన్నప్పుడు సైతము ఆ ప్రజలను హీనులనియు అజ్ఞానులనియు పేర్కొనెను. ఆ మాట నాకు నచ్చలేదు. తన్ను బ్రతికించినది ఆ 'హీనులే' గదా! మంచివారి యెదుగుదలయు ముక్కలు ముక్కలుగా వచ్చును గాని, నిండుకుండవలె ఒక్కసారి రాదని దీనివలన గ్రహించితిని.

1856లో అగ్నిప్రమాదమున నాతని బట్టలును దినచర్య పుస్తకములును కాలిపోయినవి. తన పేదరికమునకు, చదువులేమికి సిగ్గుపడి, తెల్లవారి ముఖము చూచుటకే ధైర్యము చాలకుండెనట. అట్టి దైన్యమున నొకరాత్రి కల వచ్చెను. తా నెక్కడికో ఆలస్యమగునను భయముతో పరుగెత్తుచున్నాడు; చేత చిన్న మూట. ఒక గొప్ప భవనము కనబడెను. అంత తొందరలోను ఆగి, స్నానముచేసి, మూట విప్పగా తెల్లని శుభ్రవస్త్రములు. వానిని కట్టుకొని తలుపు తట్టెను. తెరచినవాడు పినతండ్రి. ఆలస్యముగా వచ్చితివని కొంచెము కినిసెను. బాలుడు ఆలస్యమైనమాట నిజమేగాని శుచిగా వచ్చితినని బదులు చెప్పెను. లోపల చనిపోయిన తండ్రి యుండెను, తల్లి యుండెను. మేలుకొన్నప్పుడు తాను బాలుడయ్యు పురుషుడనైతినని యాతనికి తోచెను.

ఈ కలలో నన్ను నిలిపినది ఒక్కటే. అతడు ఆలస్యమును కాదనలేదు, సాకు చెప్పలేదు. ఆలస్యమైనను శుభ్రపడి వచ్చెను. ఈ మాట నా యీడువారికి ఎంత ఊరటయో మీరే యోచింపుడు.

మన ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకామ జాబాలుని కథ మీ రెరిగినదే. తండ్రి యెవరో తెలియని బాలుని గౌతముడు శిష్యునిగా గైకొని, నాలుగువందల బక్కచిక్కిన ఆవులను తోలించి యడవికి పంపెను. అవి వేయి యగువరకు తిరిగి రానని పోయిన బాలునికి ఎద్దును, అగ్నియు, హంసయు, నీటికాకియు బ్రహ్మమును బోధించినవి. తిరిగివచ్చినవాని ముఖము చూచి గురువు పోల్చుకొనెను. ఈ కథను నేను ఎన్నియో మారులు పిల్లలకు చెప్పితిని. కాని గురువు దండము చేయలేని పనిని ఆవులమంద చేయగలదని నాకు తట్టలేదు.

జోసెఫ్ 1857లో దీవులు విడిచెను. త్రోవలో కాలిఫోర్నియాయందు త్రాగిన దుండగుడొకడు పిస్తోలు చూపి నీవు మార్మనువా యని గర్జింపగా, అతడు బెదరక, కలబడక, అవును, నిలువెల్ల మార్మనునే యని యుత్తర మిచ్చెను. వాడు విస్మయపడి చేయి కలిపి పోయెను. బడిలో పిడికిలితో మాటలాడినవాడు పందొమ్మిదవయేట నోటితో నిలువగలిగెను. 1885లో, ఆ సంఘమువారి బహుభార్యాత్వమును నిషేధించిన శాసనములకు వెరచి, అజ్ఞాతవాసమునకై మరల ఆ దీవులకే పోయెను. 1890లో సంఘము ఆ యాచారమును విడుచుచున్నట్లు ప్రకటించెను. 1901లో నాతడు సంఘాధ్యక్షు డయ్యెను. పిల్లలను కొరడాతో, కోపముతో దిద్దవలదని, ప్రేమతోనే దిద్దుడని తలిదండ్రులకు బోధించెను.

అధ్యక్షుడై మరల హవాయికి పోయినప్పుడు రేవున పూలదండలతో జనము మూగిరి. ఆ గుంపులో చూపులేని యొక పండుముసలి చేత కొన్ని అరటిపండ్లు పట్టుకొని, "యోసేపా, యోసేపా" యని పిలుచుచు వచ్చెను. ఆమె మహూహీ. అతడు గుంపును చీల్చుకొని పరుగెత్తి, ఆమెను కౌగిలించుకొని, అమ్మా యని యేడ్చెను.

ఇక నా కథ. 1989లో నేనొక గ్రామమున బడిపంతులను. ఇరువదితొమ్మిదేండ్ల వయస్సు, పాండిత్యమదము. ఒక బాలిక విభక్తి ప్రత్యయములు ఒప్పజెప్పలేకపోగా బెత్తము తీసితిని. అదే తరగతిలోని ఆమె యన్న లేచి, "కొట్టకండి మాస్టారూ, తెల్లవారుజామునుండి ఊడ్పులకు పోయి వచ్చినది" అనెను. నేను కొట్టితిని. వాడు బెత్తము లాగుకొని మోకాలిమీద రెండుగా విరిచెను. నామీద చేయి వేయలేదు. వానిని తీసివేయనిచో నేను బడికి రానని పట్టుబట్టితిని. వాని పేరు కొట్టివేసిరి. క్రమశిక్షణ నిలిపితినని నలుగురు మెచ్చిరి. తండ్రిలేని పిల్లలు. వారి గుడిసె నేను సాయంకాలము నడచు దారిలోనే యుండెను. ఒక్కనాడును ఆ గడప యెక్కలేదు.

కడచిన సంక్రాంతికి ఆ యూరు పోతిని. ఆ బాలిక యిప్పుడు బస్సులాగుచోట చిన్న దుకాణము నడుపుచున్నది. నన్ను గుర్తుపట్టి, లేచి ముక్కాలిపీట వేసినది. నేను చెప్పవలసినది తడబడుచు చెప్పితిని. ఆమె చాలసే పూరకుండి, "కొట్టినమాట జ్ఞాపకము లేదు మాస్టారూ. అన్నతోపాటు నేనును బడి మానినమాట జ్ఞాపకమున్నది" అనెను. దానికి నాయొద్ద సమాధానము లేదు. అన్న హైదరాబాదులో తాపీపని చేయుచున్నాడట. వాని టెలిఫోను అంకెలు ఒక కాగితముమీద వ్రాసి యిచ్చినది. ఆ కాగితము నెలల తరబడి నా జేబులోనే యున్నది. ఈ ప్రసంగము వ్రాసినంత తేలికగా ఆ అంకెలు నొక్కజాలకున్నాను. కాని మీ యెదుట ఒప్పుకొంటిని గనుక ఇక వాయిదా వేయను. ఆలస్యమైనమాట నిజమే.

గ్రామపెద్దలారా! ఆ శాఖ మంచిదా, మన మార్గము మంచిదా యని తేల్చుటకు నేను రాలేదు. మీ యూరిలో కోపముచేత బడి విడిచిన కుర్రవా డొకడైనను ఉండకపోడు. వానికి చెప్పవలసిన నీతులు తరువాత చెప్పుదము. ముందు వాని గడప యెక్కి, తిన్నావా యని యడుగుడు.

సెలవు.