కుక్కపిల్లను ఎవరికివ్వాలి?



మర్రిపాడు మెట్ట ప్రాంతం. ఇక్కడ ఎన్నో ఇళ్లకు జీవాలే ఆధారం. నెల్లూరు గొర్రె దేశమంతా పేరున్న జాతి. తెల్లని పల్ల, కళ్ల దగ్గరా మూతి దగ్గరా నల్ల మచ్చలుండే జోడిపి, ఎర్రని దొర. ఈ మూడు రకాలూ కాపరికి బాగా తెలుసు. పొట్టేలును కొనాలంటే పళ్లు చూస్తాడు, నడక చూస్తాడు, పది మందిని అడుగుతాడు.

మరి రాత్రంతా మందను కాచే కుక్క సంగతేమిటి? ఎక్కడో ఈనిన కుక్క దగ్గర ఒక పిల్లను తెచ్చి దొడ్లో వదులుతారు. పనికొస్తే ఉంటుంది. పనికి రాకపోతే బాట మీద పడుతుంది.

అసలు నష్టం ఇక్కడే ఉంది. బాట మీద పడిన కుక్కపిల్ల ఊరికే పోదు. ఆకలికి మరో నాలుగు కుక్కలతో కలుస్తుంది. ఏడాది తిరిగేసరికి ఆ గుంపు ఏదో ఒక దొడ్డి మీద పడి గొర్రెపిల్లల్ని చీలుస్తుంది. ఈ రోజు వదిలేసిన పిల్లే రేపు మందకు శత్రువు. అందుకే ఇచ్చేవాళ్లూ, తీసుకునేవాళ్లూ ముందుగానే ఆలోచించాలి.

ఏ పిల్ల ఏ ఇంటికి?

ఒక కాపరి ఇంట్లో కుక్క ఈనింది అనుకోండి. అల్లుడి వరస కుర్రాడు వచ్చాడు.

“మామా, ఒక పిల్లనియ్యి. మగపిల్లే కావాల.”

“దేనికి అబ్బయ్యా?”

“ఊరికే మామా. పిల్లకాయలు ఆడుకుంటారు.”

“పగలు ఇంటికాడ ఎవరుంటారు?”

“ఎవరుంటారు మామా? మేం కూలికి పోతాం. పిల్లకాయలు బడికి పోతారు. గొలుసేసి కట్టేస్తాం.”

“అట్లయితే వద్దులే. ఇది మందలో తిరిగే కుక్క పిల్ల. కట్టేస్తే అరిచి అరిచి చెడిపోతుంది.”

ఈ మామ పిసినారి కాడు. తెలిసినవాడు. మందలో పని చేసే కుక్కకు నడక కావాలి, పని కావాలి. ఇది మర్రిపాడు మాటే కాదు. ఇంగ్లండు, స్కాట్లండుల సరిహద్దు ప్రాంతంలో బోర్డర్ కోలీ అనే కుక్కలున్నాయి. అవి కంటి చూపుతోనే గొర్రెల్ని మళ్లిస్తాయి. అలాంటి కుక్కను పట్నంలో ఒక గదిలో ఉంచితే ఏం చేస్తుంది? పరిగెత్తే పిల్లల్నీ, సైకిళ్లనూ మళ్లించబోతుంది. అది కుక్క తప్పు కాదు. చోటు తప్పు.

కొల్లేరు వైపు జోనంగి కుక్కలు బాతుల మందల్ని తోలేవి. అక్కడ చేపల చెరువులు పెరిగాయి, బాతుల మందలు తగ్గాయి. జోనంగికి పని పోయింది. ఇప్పుడు ఆ జాతి కుక్కలు కొద్దిగానే కనిపిస్తాయి. పనికీ కుక్కకూ ముడి అంత గట్టిది.

ఒకే ఈతలో పుట్టినా పిల్లలన్నీ ఒక్క తీరుగా ఉండవు. నాలుగు రోజులు గమనిస్తే తెలుస్తుంది. చప్పుడైతే ఒకటి దాక్కుంటుంది. ఒకటి చూసి ఊరుకుంటుంది. ఒకటి తోటి పిల్లల్ని కరిచి కూడు లాక్కుంటుంది. నెమ్మదిగా, బెదరకుండా ఉండేది మందకు మంచిది. దూకుడు పిల్లను పసిబిడ్డలున్న ఇంటికి ఇవ్వకూడదు. పిరికిదానికి సందడి లేని ఇల్లు కావాలి.

ఆడపిల్లను వద్దనేవాళ్లు ఎక్కువ. కాపలా కాయడంలో ఆడకుక్క ఏమీ తీసిపోదు. ఈతలు వద్దనుకుంటే పశువుల డాక్టరు ఆపరేషన్ చేస్తారు. ఆడపిల్లల్ని బాట మీద వదిలితే ఊళ్లో దిక్కులేని కుక్కలు ఇంకా పెరుగుతాయి.

ఎప్పుడివ్వాలి?

కుక్కపిల్ల కళ్లు తెరిచేది సుమారు రెండు వారాలకు. ఎనిమిది వారాల దాకా తల్లి దగ్గరే ఉండాలి. ఎంత గట్టిగా కరిస్తే నొప్పో తల్లీ తోటి పిల్లలే నేర్పుతాయి. నెలకే విడదీస్తే ఆ చదువు సగంలో ఆగుతుంది.

మూడో వారం నుంచి మూడు నెలల దాకా పిల్లకు ముఖ్యమైన కాలం. అప్పుడు చూసినదాన్ని అది తనదనుకుంటుంది. అందుకే మందకు పోయే పిల్లను రెండు నెలలకే గొర్రెల వాసనకు అలవాటు చేయాలి. సాధువైన గొర్రెల పక్కన తడిక అడ్డం పెట్టి ఉంచాలి. గొర్రెపిల్లల వెంట పడి ఆడుతుంటే నవ్వి ఊరుకోకూడదు. వెంటనే గద్దించి ఆపాలి. కొట్టరాదు. ఏడాదిన్నర, రెండేళ్లు నిండితే గాని దానికి మందను వదిలిపెట్టేంత నమ్మకం కుదరదు.

తెచ్చుకునే ముందు

పిల్ల రాకముందే ఇంట్లో నాలుగు సంగతులు తేల్చుకోవాలి. రోజూ కూడు పెట్టేది ఎవరు? వేసవిలో మంద దూరం పోతే దీన్ని చూసేది ఎవరు? నీడ ఎక్కడ? సూది మందు వేయించేది ఎవరు?

సంగటి, అన్నం, మజ్జిగ ఒక్కటే చాలవు. గుడ్డో, ఉడికించిన మాంసమో అప్పుడప్పుడు పెట్టాలి. గొర్రెను కోసినప్పుడు పచ్చి తలకాయ, పచ్చి పేగులు, నీటి తిత్తులున్న కార్జం కుక్కకు వేయనే వేయకూడదు. వాటిలో బద్దె పురుగుల పిల్లలుంటాయి. కుక్క కడుపులో అవి పెద్దవై గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు కుక్క దొడ్డికి వెళ్లినచోట గడ్డికి అంటుకుంటాయి. ఆ గడ్డి మేసిన గొర్రెకు మెదడులో నీటి బుడగ పుట్టవచ్చు. అది తల ఒక పక్కకు వాల్చి గుండ్రంగా తిరుగుతుంది, చివరికి చస్తుంది. ఇంకో రకం పురుగు గుడ్లు మనిషి నోట్లోకి పోతే కార్జంలో, ఊపిరితిత్తుల్లో తిత్తులు కడతాయి. కాబట్టి ఆ వ్యర్థాలను లోతుగా పూడ్చాలి. కుక్కను తాకిన చేతులు కడుక్కునే అన్నం తినాలి. కుక్కకు పురుగుల మందు పశువుల డాక్టరు చెప్పిన ప్రకారం వేయాలి.

మూడు నెలలు నిండగానే పిచ్చికుక్క వ్యాధి రాకుండా టీకా వేయించాలి. తర్వాత డాక్టరు చెప్పినట్టు మళ్లీ మళ్లీ వేయించాలి. ఏ కుక్క కరిచినా గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, ఆకు పసరు పెట్టకూడదు. ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. పూర్వం బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేసేవాళ్లు. ఆ రోజులు పోయాయి. ఇప్పుడు చేతికి కొద్ది సూదులే వేస్తారు. భయం లేదు. కానీ వ్యాధి పైకి కనిపించాక మందు లేదు.

చీటీ రాసివ్వండి

నోటి మాట మరిచిపోతారు. కాగితం మీది మాట నిలుస్తుంది. పిల్లనిచ్చేటప్పుడు ఇలా రాసివ్వండి:

పిల్ల: నల్లది, ఆడది.
పుట్టిన రోజు: జనవరి 10.
పురుగుల మందు వేసిన రోజులు: ఫిబ్రవరి 1, ఫిబ్రవరి 15, మార్చి 1.
ఇచ్చిన రోజు: మార్చి 10.
పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించాల్సిన రోజు: ఏప్రిల్ 10.
మాట: సాకలేకపోతే తిరిగి తెచ్చియ్యాలి. బాట మీద వదలరాదు.
ఇచ్చినవారి సంతకం. తీసుకున్నవారి సంతకం.

ఇందులో చివరి మాటే ముఖ్యం. తిరిగి తెచ్చియ్యడం సిగ్గుపడే పని కాదు. పిల్లకు ఇంకో మంచి చోటు దొరుకుతుంది. చీకట్లో తీసుకుపోయి పక్క ఊరి పొలిమేరలో వదలడమే సిగ్గుపడాల్సిన పని. ఆ పక్క ఊళ్లోనూ గొర్రెలున్నాయి, పిల్లకాయలున్నారు.

మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో కుక్కపిల్లల్ని ఎన్ని వారాలకు ఇస్తున్నారు?
2. గొర్రెను కోసిన చోట వ్యర్థాలు ఎక్కడ పడుతున్నాయి? వాటిని కుక్కలు తింటున్నాయా?
3. మీ ఇంటి కుక్కకు టీకా ఎప్పుడు వేయించారు? ఆ తేదీ రాయండి.