వేలానికి సామాను పంపే ముందు
(మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి కార్యదర్శిగారు చెప్పవలసింది చాలా ఉంది కనుక నేరుగా విషయంలోకి వస్తాను. వచ్చే నెలలో మన ఊళ్ళో ఒక పాత జమీందారీ కుటుంబం వారి బంగళా సామాను వేలం వేస్తున్నారు. రోజ్‌వుడ్ పందిరిమంచాలు, గోడగడియారాలు, బెల్జియం అద్దాలు, వెండి సామాను, కొన్ని నగలు. కరపత్రం మీకూ అంది ఉంటుంది. దాని అడుగున చిన్న అక్షరాల్లో ఇంకొక మాట ఉంది. బయటివారు కూడా తమ పాత వస్తువులను అదే వేలంలో పెట్టుకోవచ్చునట. ఆ మాట చూసి మనవాళ్ళు అరడజను మంది నన్ను సలహా అడిగారు. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఫ్లాట్లలో ఉంటున్నారు. తాతగారి భోషాణం లిఫ్టులో పట్టదు. మన తరువాత దాన్ని చూసేదెవరు అన్న బెంగ మనందరిదీ.

నన్నే ఎందుకు అడిగారంటే, నేను 1973లో గుమాస్తాగా చేరింది మొదలు సర్వీసులో ఎక్కువ భాగం కోర్టు నజారతులోనే గడిచింది. జప్తు సామాను జాబితా వ్రాయడం, వేలం ప్రకటన అంటించడం, ఒకటోసారి, రెండోసారి అని పాట నడుస్తుంటే పుస్తకంలో ఎక్కించడం నా పని. కోర్టు వేలంలో బాకీదారుకు చట్టం కొంత అండ ఇస్తుంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం వంటపాత్రలు, పడకలు, కట్టుబట్టలు, మతాచారం ప్రకారం స్త్రీ తీయకూడని ఆభరణాలు జప్తు చేయరాదు. అంటే మంగళసూత్రం జోలికి ఏ అమీనా వెళ్ళడానికి లేదు. అదే సెక్షను ప్రభుత్వ పెన్షనుకు కూడా రక్షణ ఇస్తుంది. ఈ సంగతి తెలియక అప్పులవాళ్ళ బెదిరింపులకు లొంగిపోయిన పెన్షనర్లు ఎందరో ఉన్నారు. వేలం విధుల్లో ఉన్న ఉద్యోగి పాట పాడకూడదని కూడా అదే కోడ్‌లో ఉంది. మా ఆఫీసులో ఒకాయన ఒక జర్మన్ గడియారం మీద ఎంత మనసు పడ్డా, కళ్ళెదుటే అది ఇంకొకరింటికి వెళ్ళిపోవడం చూస్తూ ఊరుకున్నాడు.

ప్రైవేటు వేలంలో ఈ కట్టుబాట్లేవీ ఉండవు. అక్కడ అమ్మేవాడికీ నిర్వాహకుడికీ మధ్య వ్రాసుకున్న కాగితమే ఆధారం. మనవాళ్ళు సంతకం పెట్టేటప్పుడు ఆ కాగితం చదవరు. ముప్పై ఏళ్ళు ఫైళ్ళు చదివి నోట్లు పెట్టినవాళ్ళం, సొంత సామాను దగ్గరకు వచ్చేసరికి కళ్ళజోడు జేబులోంచి తీయం!

ఆ కాగితంలో మొదట చూడవలసింది కనీస ధర. సర్కారువారి పాట అన్నట్లే, ఇంతకు తక్కువైతే అమ్మను అని యజమాని ముందుగా నిర్ణయించుకోవచ్చు. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 64వ సెక్షను ఇందుకు వీలు కల్పిస్తోంది. కనీస ధర వ్రాయించకపోతే వర్షం పడి నలుగురే వచ్చిన రోజున మీ పడక కుర్చీ వంటచెరకు ధరకు పోతుంది, అడగడానికి ఏమీ ఉండదు. సుత్తి పడిందంటే అమ్మకం పూర్తయినట్లే. పడేదాకా మాత్రం పాట పాడినవాడు వెనక్కు తీసుకోవచ్చు. ఇంకొక సంగతి. ధర పెంచడానికి మీ బావమరిదిని జనంలో కూర్చోబెట్టి పాడించాలని చూడకండి. యజమాని తరఫున పాట ఉంటుందని ముందుగా ప్రకటించకుండా అలా చేస్తే కొన్నవాడు దాన్ని మోసంగా ఎంచి అమ్మకం రద్దు చేసుకోవచ్చు. ఇక పాతసామాను వ్యాపారులు కూడబలుక్కుని, ఒక్కడే పాడి, సాయంత్రం టీ కొట్టు దగ్గర మళ్ళీ తమలో తాము పాడుకోవడం నా సర్వీసులో ఎన్నోసార్లు చూశాను. దానికి విరుగుడు కనీస ధర ఒక్కటే.

రెండోది కమీషను. వేలందారులు అమ్మినవాడి దగ్గర కొంత, కొన్నవాడి దగ్గర ప్రీమియం పేరుతో కొంత తీసుకోవడం మామూలే. రవాణా, ఫొటోలు, భీమా ఎవరి ఖర్చు? అమ్ముడుపోకపోతే తిరిగి తెచ్చి ఇచ్చేదెవరు? డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు? ఇవన్నీ వ్రాతపూర్వకంగా ఉండాలి.

నగల విషయంలో నా అభిప్రాయం కొంచెం కటువుగానే ఉంటుంది. మామూలు బంగారు నగ వేలానికి పంపవద్దు. దాని ధర తూకం మీద, మచ్చు మీద తేలేదే. కమీషను నష్టం తప్ప ఒరిగేది లేదు. పాత కాసులపేరు, కెంపుల అడ్డిక, మంచి నగిషీ ఉన్న వంకీ వేరు. వాటికి పనితనం ధర ఉంటుంది కనుక కరిగించేవాడికి ఇవ్వడం పాపం. అలాంటివాటిని ముందుగా హాల్‌మార్కింగ్ కేంద్రంలో పరీక్ష చేయించి, రాళ్ళ బరువు, బంగారం బరువు విడివిడిగా వ్రాయించుకోండి. పన్ను సంగతీ చూసుకోవాలి. మంచాలు, బీరువాల వంటి ఇంటి సామాను అమ్మితే మూలధన లాభం పన్ను లేదు గాని నగలకు ఉంది. 2001 ఏప్రిల్ 1కి ముందునుంచీ ఇంట్లో ఉన్న నగకు ఆ తేదీ నాటి విలువనే కొన్న ధరగా చూపుకోవచ్చు. కనుక విలువ కట్టేవారి కాగితం ఒకటి దగ్గర ఉంచుకోండి.

ఇప్పుడు అసలు భయం కలిగించే విషయానికి వస్తాను. మన సభ్యుల్లో ఒకరి శ్రీమతిగారు అత్తగారి కుట్టుపెట్టె వేలంలో పెట్టాలనుకుంటున్నారు. గంధపు చెక్క పెట్టె, పైన దంతపు రేకులు, వాటి మీద నల్లని లతలు. అది విశాఖపట్నం పని. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి కంసాలులు రోజ్‌వుడ్, నల్లచేవ కర్రల్లో దంతం పొదిగి దొరలకు కుర్చీలు, బల్లలు, బీరువాలు చేసిపెట్టారు. దంతం మీద సన్నగా గీతలు చెక్కి అందులో నల్ల లక్క నింపడం వారి ప్రత్యేకత. తరువాతి రోజుల్లో గంధపు చెక్క మీద దంతపు రేకులు తాపడం చేసి చిన్న చిన్న పెట్టెలు చేశారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఈ పని ఉంది. లండన్ వేలాల్లో ఇలాంటివి మంచి ధరలు పలికాయి. చేసినవాళ్ళ పేర్లు మాత్రం చాలావాటి మీద లేవు. ఊరి పేరే మిగిలింది.

ఆ పెట్టె ఎంత గొప్పదైనా మనదేశంలో అమ్మడానికి వీల్లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి 1986లోను 1991లోను వచ్చిన సవరణలు కలిపి దంతం వ్యాపారాన్ని పూర్తిగా మూసివేశాయి. నూరేళ్ళ పాతదన్న మినహాయింపు కూడా లేదు. అది జైలుశిక్ష పడే నేరం. వారసత్వంగా వస్తే 90 రోజుల్లోగా అటవీశాఖకు తెలపాలి. ఉంచుకోవచ్చు, పిల్లలకు సంక్రమింపజేయవచ్చు, అమ్మరాదు. ఇంగ్లండులో కూడా 2022 జూన్ నుండి కొద్ది మినహాయింపులతో నిషేధం అమలులోకి వచ్చింది. కనుక విదేశంలో ఉన్న అబ్బాయికి పంపి అక్కడ అమ్మిద్దామనే ఆలోచన కూడా వద్దు. ఆ తల్లికి నేను ఈ మాట చెబితే, “అయితే మనవరాలికే ఉంచుతాను బాబుగారూ” అని ఊరటపడ్డారు. నిజానికి ఆమెకు అమ్మాలని లేదు. కొడుకులు తొందరపెట్టారంతే.

మరొక చట్టం కూడా ఉంది. పురావస్తువుల, కళానిధుల చట్టం 1972లో చేసి 1976 ఏప్రిల్ 5 నుండి అమలులో పెట్టారు. నూరేళ్ళు దాటిన శిల్పాలు, వర్ణచిత్రాలు, లోహవిగ్రహాలు దాని కిందికి వస్తాయి. విలువైన వ్రాతప్రతులకైతే 75 ఏళ్ళే గడువు. రాతి, లోహ, చెక్క శిల్పాలు, బొమ్మలున్న తాళపత్రాల వంటివి రిజిస్టరు చేయించాలి. వాటి వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి. ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. పూజగదిలోని పాత పంచలోహ విగ్రహం వేలానికి ఇవ్వబోయేవారు ముందుగా నిర్వాహకుణ్ణి లైసెన్సు చూపమనండి. చూపడానికి తటపటాయిస్తే విగ్రహంతో ఇంటికి వచ్చేయండి.

కొనేవారికి ఒక్క మాట. “ఉన్నది ఉన్నట్లు” అని కరపత్రంలో ఉంది. అంటే పురుగు తిన్న కాలు, అతుకు వేసిన అద్దం మీ బాధ్యతే. సొరుగులు లాగి, వెనుకవైపు టార్చి వేసి చూడండి. ముందు భాగం రోజ్‌వుడ్, వెనుక ప్లైవుడ్ అయితే అది తాతలనాటిది కాదు.

వేలానికి రెండు రోజుల ముందు సామాను చూడడానికి అనుమతిస్తారట. మొదటిరోజు ఉదయం పది గంటలకు నేను బంగళా గేటు దగ్గర ఉంటాను. ఒప్పంద కాగితం ఇంకా సంతకం చేయనివారు దాన్ని తీసుకురండి, కూర్చుని చదువుదాం. కళ్ళజోడు మరచిపోవద్దు.